అవ్వ మూటలో మాత్రలు

తునికిగూడెం,
జూలై, ఆదివారం ప్రార్థన అయ్యాక

పుష్పలత వదినకు, అన్నయ్యకు,
ప్రభువు పేరిట వందనాలు.

ఫోన్లున్న కాలంలో ఉత్తరమేమిటి, అడవిలో ఉండి ఉండి మరదలికి మతి చెడిందా అనుకుంటావు. అనుకో. ఇది నా ఆలోచన కాదు, నీ తమ్ముడి హుకుం. మొన్న సిగ్నల్ దొరికినప్పుడు ఫోన్ ఆయన చెవి దగ్గర పెట్టాను కదా. నీ గొంతు వినగానే జవాబు చెప్పబోయాడు. కాన్సర్‌కు నాలుక సగం తీసేశారన్న సంగతి ఆ క్షణంలో మరిచిపోయినట్టున్నాడు. నోట్లోంచి రక్తం వచ్చింది. నువ్వు హలో, హలో అంటూనే ఉన్నావు, నేను కట్ చేశాను. సిగ్నల్ పోయిందని నీకు తర్వాత అబద్ధం చెప్పాను. ఆ సాయంత్రం పలక అడిగి తీసుకుని రాశాడు: "అక్కను ఉత్తరం రాయమను. వినొచ్చు. జవాబు చెప్పే పని లేదు."

అన్నయ్యను డయాలసిస్‌కు తిప్పుతూ నువ్వు ఇంత దూరం రాలేవని ఆయనకు తెలుసు. అందుకే ఈ ఏర్పాటు. ఆయన చదువుకోలేడు, మందు మత్తుకు కళ్ళు మసకలు కమ్ముతున్నాయి. నేనే చదివి వినిపిస్తాను.

హైదరాబాద్ పెద్ద దవాఖానాలో "ఇంక చేసేదేం లేదమ్మా, ఇంటికి తీస్కపో" అన్నప్పుడు నేను అక్కడే మెట్ల మీద కూలబడ్డాను. ఇక్కడికి వచ్చాక కొంచెం నయం. చర్చి వాళ్ళ చిన్న దవాఖానాలో నర్సునైనందుకు నాకు దక్కిన లాభం ఒక్కటే. నొప్పికి వేసే మార్ఫిన్ మాత్రలు పెట్టుకోవడానికి మాకు అనుమతి ఉంది. ఈ అడవి పక్క ఇంకెవరికీ లేదు. రమణ డాక్టరు వారానికోసారి కొత్తగూడెం నుంచి వచ్చి రాసిస్తారు, నేను అల్మారా తాళం తీసి ఇస్తాను. ఖాళీ రేకు తెచ్చిస్తేనే కొత్త రేకు. నా మొగుడికైనా అంతే. వాడేసిన రేకు నా చేతిలో పెట్టి సెల్యూట్ కొడతాడు, దొంగ.

మాత్ర పడ్డాక వేరే మనిషి. వరండాలో కుర్చీ వేసుకుని రోడ్డు వైపు చెవి పెడతాడు. లారీ ఇంకా మలుపు తిరగకముందే పలక మీద రాసేస్తాడు: "ఇసుక బండి. ఓవర్‌లోడ్." చూస్తే అదే. స్టీరింగ్ వదిలినా లారీ ఆయన్ను వదల్లేదు.

తోడుగా ఒక ముసలమ్మ దొరికింది. భీమక్క, గుట్ట అవతలి గూడెం ఆమె. గర్భసంచి కాన్సర్. ఆమె కొడుకు రామన్న వారం వారం బండి కట్టుకుని తీసుకొస్తాడు. ఆమెకు కోయ తప్ప రాదు, ఈయనకు అసలు మాటే లేదు. అయినా ఇద్దరూ పొద్దెక్కేదాకా కబుర్లాడుకుంటారు. మొన్న ఆమె తన పొగాకు సంచి విప్పి కొంచెం ఆయన చేతిలో పెట్టబోతే, కట్టు కట్టిన చెంప చూపించి రెండు చేతులూ జోడించాడు. ఇద్దరూ నవ్వారు. నాకే నవ్వు రాలేదు.

చిన్నప్పటి సంగతులు రాయి వదినా. బాగా తిట్టు. నువ్వు తిడితే ఆయనకు ఇంట్లో ఉన్నట్టుంటుంది.

నీ మరదలు,
ఫ్లోరెన్స్


హైదరాబాద్,
ఆగస్టు, ముసురు పట్టిన రోజు

తమ్ముడు జయరాజ్‌కు,

ఫ్లోరా, ఈ మొదటి కాగితం గట్టిగా చదువు. వీధికి వినపడినా సరే.

ఏరా, హుకుం జారీ చేసేంత దొరవయ్యావా? అక్క మాట వినాలి గానీ అక్కకు జవాబు చెప్పే పని లేదట! పుట్టినప్పటి నుంచి నీకు కావలసింది ఇదే కదరా. కొత్తగూడెం బొగ్గుగని క్వార్టర్లలో అమ్మ రొట్టెల పళ్ళెం ఎత్తుకుపోయి స్టీరింగ్ అని తిప్పేవాడివి. నీ వెనకాల మేమంతా ప్యాసింజర్లం. నీళ్ళ టాంకు దగ్గర బ్రేక్ పడలేదని పళ్ళెంతో సహా గోడకు గుద్దుకున్నావు. వంగిపోయిన ఆ పళ్ళెంలోనే నాన్న మొదటి షిఫ్టు నుంచి వచ్చి తిన్నాడు, పాపం, చారు అంతా ఒక పక్కకు జారుతుంటే. వంచింది నువ్వు, తన్నులు నాకు.

ఇప్పుడు నా బల్ల మీద ఏముందో తెలుసా? చట్టాలను తెలుగు చేసే ఉద్యోగంలో ఇన్నేళ్ళు బోరు నీళ్ళ నిబంధనలూ, మార్కెట్ సెస్సులూ తెలుగు చేశాను. మొదటిసారి మన ఇంటికి సంబంధించిన బిల్లు వచ్చింది. మత్తుమందుల చట్టానికి రాష్ట్రం సవరణ తెస్తోంది. మీ భద్రాచలం రోడ్డు మీద పోయే గంజాయి బండ్ల కోసమే ఇదంతా. ఇక డ్రైవరొక్కడే జైలుకు పోడు, లోడు ఎత్తించిన సేటు కూడా బోనెక్కాలి. ఆ వాక్యం తెలుగు చేస్తుంటే నువ్వే కళ్ళ ముందు నిలబడ్డావు. ఖమ్మంలో మిర్చి బస్తాల కింద గంజాయి వేస్తానన్న సేటు మొహాన బండి తాళాలు కొట్టి వచ్చావు కదా. ఆ ఏడంతా పని లేక తిరిగావు. ఆ సేటు లాంటివాళ్ళు దొరకాలిరా తమ్ముడూ. అందుకే ఒక్కో మాటా బంగారం తూచినట్టు తూచి పెడుతున్నాను.

మీ అన్నయ్య, అదే మీ బావ, నీకు దీవెనలు చెప్పమన్నారు. మందు టైముకు వేసుకో.

నీ అక్క


(రెండో కాగితం)

ఫ్లోరా, ఇది నీకు మాత్రమే. చదివి పొయ్యిలో పెట్టు.

డాక్టరు ఎన్నాళ్ళంటున్నాడు? నాకు నిజం చెప్పు. నేను వంగిన పళ్ళెం గురించి రాస్తూ ఏడుస్తున్నాను, అక్షరాలు చెదిరితే వాన అనుకోమని చెప్పు.

ఇంకొకటి. ఈ బిల్లులో మీలాంటి చిన్న దవాఖానాల గురించి ఒక సెక్షన్ ఉంది. ఇచ్చిన ప్రతి మాత్రకూ మాత్రైనా చూపించాలి, ఖాళీ రేకైనా చూపించాలి. తేడా వస్తే అనుమతి రద్దు, సరుకు సీలు, కేసు. నువ్వు చింతపండు గింజలు కూడా లెక్కపెట్టే రకానివి, నీకేం భయం లేదులే. చెప్పి ఉంచుతున్నానంతే.


తునికిగూడెం,
అక్టోబరు

వదినా,

ముందు నీ తమ్ముడు రాయించిన మాట: "పళ్ళెం నేను వంచలే. నువ్వు దాని మీద ఎక్కి కూసున్నవ్, సీటని." కోర్టుకు వెళ్ళినా ఇదే చెబుతాడట.

ఎన్నాళ్ళని అడిగావు. రమణ డాక్టరు రోజులు చెప్పరు. మెడ మీది పుండు నా గుప్పెడంత అయింది. "ఎండాకాలం చూడడమ్మా," అన్నారు. "నొప్పి అదుపులో ఉంటే మనిషి మనిషిలాగే పోతాడు. నేను మాట ఇయ్యగలిగింది గదొక్కటే." నేనూ దేవుణ్ణి అడిగేది అదొక్కటే వదినా. బతికించమని అడగడం మానేశాను. అరిపించకు ప్రభూ అని అడుగుతున్నాను. పోయిన నెల మందు వేళ తప్పి, ఒక పూట ఆయన అరుపు విన్నాను. నాలుక లేని మనిషి అరుపు నువ్వు వినలేదు. వినకు.

భీమక్క పోయింది. నిద్రలోనే పోయింది, మొహంలో ఏ బాధా లేదు. ఇన్నేళ్ళ నర్సు ఉద్యోగంలో నాకు గర్వంగా అనిపించిన చావు అదే, తప్పో ఒప్పో. నీ తమ్ముడు ఆమె కుర్చీ వైపు చూస్తూ పొద్దంతా కూర్చున్నాడు.

మాత్రలు ఇంకా మిగిలి ఉండాలి కదా, తెచ్చుకుందామని రెండు రోజులాగి గూడేనికి వెళ్ళాను. రామన్న మంచం వాల్చి కూర్చోబెట్టి, ఏ దాపరికమూ లేకుండా చెప్పాడు. వాళ్ళలో పోయినవాళ్ళకు రోజూ చేతిలో మెలిగిన వస్తువులు పక్కన పెట్టి మన్ను కప్పుతారు. దువ్వెన, పొగాకు సంచి, సత్తు గిన్నె. వాటితో పాటు మాత్రల మూట. ఖాళీ రేకులు, నిండు రేకులు అన్నీ, నేను ఇచ్చిన గుడ్డసంచితో సహా.

"నువ్వే చెప్పినవ్ గద సిస్టరమ్మా, ఒక్క పూట గూడ తప్పొద్దని. ఆడ ఎవలిస్తరు మా అవ్వకు?" అన్నాడు.

నేను చెప్పిన మాటే. వాళ్ళ ఇంటికి వెళ్ళినప్పుడల్లా ఆ ఒక్క మాట దంచి దంచి చెప్పాను. వాళ్ళలో సమాధి మళ్ళీ తెరిస్తే పోయిన మనిషి దారి తప్పి తిరుగుతుందట, ముట్టుకుంటే కొడుకే ముట్టుకోవాలట. ఎవరిని ఏమని అడగను? తిరిగొచ్చి రమణ డాక్టరుకు ఉన్నదున్నట్టు చెప్పాను. ఆయన తలకొట్టుకుని, "రోగితో పాటు పూడ్చివేయబడినవి" అని రాసి సంతకం పెట్టారు. ఇప్పటి రూల్సుకు అది చాలు. నువ్వేం కంగారు పడకు.

నీ ఫ్లోరెన్స్


హైదరాబాద్,
నవంబరు

తమ్ముడూ,

బిల్లు సభలో ఆమోదం పొందిందిరా! అందరూ బల్లలు చరిచారట. నేను చేసిన తెలుగు ప్రతి పేజీ పేజీ పంచారు. గంజాయి సేట్లకు నిద్ర పట్టదు ఇక. చిన్న దవాఖానాలకు ఇబ్బంది రాకుండా మినహాయింపు కూడా పెట్టారు, ఆ నిబంధనలు వచ్చే నెలలో వచ్చేస్తాయి. నువ్వు దర్జాగా మందు వేసుకుని లారీలు లెక్కపెట్టుకో. పళ్ళెం కేసు నేను ఒప్పుకోను. సాక్షులున్నారు.

అక్క


(రెండో కాగితం)

ఫ్లోరెన్స్,

పైన రాసింది సగం అబద్ధం. మినహాయింపు ఉన్న మాట నిజం. "తప్పించుటకు వీలులేని నష్టమైనచో, నిబంధనలలో నిర్దేశించిన మేరకు" అని ఉంది. నా చేత్తో నేనే తెలుగు చేశాను. ఆ నిబంధనలు లేవు. ఎవరూ రాయలేదు. ఎప్పుడు రాస్తారని మా సెక్షన్‌లో అడిగితే, "చట్టం జల్దీ కావాలన్నరు మేడం, రూల్స్ జల్దీ కావాలని ఎవరన్నరు?" అన్నారు. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడని ఊరికే అనలేదు.

చట్టం మాత్రం డిసెంబరు నుంచి అమలు. గడిచిన ఏడాది ఇచ్చిన మాత్రలకు కూడా లెక్క చూపాలి. మీ డాక్టరు రాసిన కాగితం ఇక చిత్తుకాగితం.

నువ్వు ఆ మూట తీయించు. నాకు వాళ్ళ ఆచారాలు చెప్పకు. పోయినామెకు మాత్రలెందుకు? నా తమ్ముడు బతికి ఉన్నాడు. కొడుకే తీయాలంటే ఆ కొడుకు కాళ్ళు పట్టుకో. నీవల్ల కాకపోతే చెప్పు, మీ అన్నయ్యను ఎవరికో అప్పజెప్పి నేను వచ్చి నా చేతులతో తవ్వుతాను. నిన్నగాక మొన్న మనిషిలా పోవాలని రాశావే, ఇప్పుడు మొహమాటపడి నా తమ్ముణ్ణి జంతువులా చంపుతావా?

కటువుగా రాశాను. కొట్టేయను. తవ్వించు.


తునికిగూడెం,
డిసెంబరు, క్రిస్మస్ ముందు

వదినా,

నీ రెండో కాగితం ఆయన విన్నాడు.

నన్ను తిట్టే ముందు ఎలా జరిగిందో విను. మొదటి కాగితం చదివి కవరు పక్కన పెట్టాను. ఆయన చెయ్యి చాపి కవరు తీసుకుని అరచేతిలో తూచాడు. పలక మీద రాశాడు: "లోడు ఇంక ఉన్నది. దింపు." ఆగస్టు నుంచీ ఆయనకు తెలుసట, నీ కవర్లు ఒక కాగితం బరువు కావని. లారీ వాడి దగ్గర మనం దొంగ సరుకు దాచాం.

చదివాను. జంతువు అన్న మాట దగ్గర ఆగాను. చెయ్యి ఊపి చదవమన్నాడు. అంతా విని చాలాసేపు రోడ్డు వైపు చూశాడు. బండ్లు పోయాయి గానీ ఏదీ రాయలేదు.

నేను మర్నాడే గుట్ట దాటి వెళ్ళాను వదినా, ఆయనకు చెప్పకుండా. నువ్వన్నట్టే అడిగాను. కాళ్ళు కూడా పట్టుకోబోయాను, రామన్న వెనక్కి జరిగాడు. "అన్నకు నొప్పి లేస్తదా, అవి లేకుంటే?" అని అడిగాడు. లేస్తుందన్నాను. "అయితే మా అవ్వనడిగి తీస్త," అన్నాడు. పెద్దమనుషులు ఊరుకోరని, తనను పనులకు పిలవడం మానేస్తారని నాకూ తెలుసు, అతనికీ తెలుసు. ఆ మాట ఇద్దరం ఎత్తలేదు.

తెల్లవారి గడ్డపార భుజాన వేసుకుని మా వరండా ముందుకొచ్చాడు. తీయబోతున్నానని అన్నకు చెప్పిపోవడం మర్యాద అనుకున్నాడు. నేరుగా వెళ్ళి ఉంటే అయిపోయేది. నీ తమ్ముడు కుర్చీలోంచి లేచి గడ్డపార పట్టుకున్నాడు. ఇద్దరూ దాన్ని చెరో పక్కా పట్టుకుని నిలబడ్డారు. ఒక చేత్తో దాన్ని వదలకుండానే రెండో చేత్తో రాశాడు, నేను పలక పట్టుకున్నాను: "ముసల్దానికి పెట్టినయి. తియ్యొద్దు. నాకు ఉన్నయి గద."

ఉన్నాయి. అప్పటికి అల్మారాలో ఉన్నాయి.

రామన్న నా వైపు చూశాడు. నేను తలూపి ఉంటే వెళ్ళేవాడు. ఊపలేకపోయాను. నొప్పి లేని పూట మంచి మనిషి మంచితనం చూపిస్తే, రేపు నొప్పి వస్తుంది కాబట్టి నీ మంచితనం చెల్లదని భార్య చెప్పగలదా? చెప్పాల్సింది.

నిన్న తనిఖీకి వచ్చారు. కోటేష్ అని ఇన్‌స్పెక్టరు, చెడ్డవాడు కాదు. మంచినీళ్ళు తాగి, రేకులన్నీ లెక్కపెట్టి, డాక్టరు రాసిన కాగితం రెండుసార్లు చదివాడు. "పూడ్చినరంటే ఎట్లనమ్మా? నేను పైకి ఏమని రాయాలె?" అన్నాడు. తవ్వించి చూపిస్తాను, వారం ఆగమన్నాను. "చట్టంల వారం లేదమ్మా." అల్మారాకు లక్క సీలు వేశారు. లోపల నీ తమ్ముడి పేరు రాసిన రేకులున్నాయి. వేస్తుండగా వరండాలోంచి ఆయన చూశాడు. కోటేష్ బయటికొచ్చి ఆయనకు నమస్కారం పెట్టి జీపెక్కాడు.

నిషేధించిన గుట్కా ప్రతి దాబాలోనూ దొరికి ఆయన నోరు తినేసింది. అనుమతి ఉన్న మాత్ర నా అల్మారాలోనే ఉండి అందడం లేదు. ఎలుక మీద కోపంతో ఇంటికి నిప్పు పెట్టారు వదినా, గంజాయి బండ్లు మాత్రం రోడ్డు మీద పోతూనే ఉంటాయి.

దిండు కింద ఒక రేకు ఉంది. సగం సగం విరిచి వేస్తున్నాను.

ఫ్లోరెన్స్


హైదరాబాద్,
ఫిబ్రవరి

తమ్ముడు జయరాజ్‌కూ, ఫ్లోరెన్స్‌కూ,

ఇక రెండో కాగితం లేదు. ఉన్నదంతా దీంట్లోనే.

ఇక్కడి దవాఖానాలో రోజూ నిలబడుతున్నాను. రోగి ఇక్కడ నమోదు కావాలంటారు. పాత కేంద్రంలో పేరు తీసేసినట్టు కాగితం తెమ్మంటారు. పాత కేంద్రం సీలులో ఉంది, కేసు తేలేదాకా కాగితం ఇవ్వరు. మనిషినైనా తీసుకురండి, చూస్తామన్నారు. అంబులెన్సులో బయలుదేరి కొత్తగూడెం చేరకముందే రక్తం ఆగక వెనక్కి తిరిగారని రమణ డాక్టరు ఫోన్ చేశాడు. దార్లో నువ్వు డ్రైవరు భుజం తట్టి, వెనక్కి తిప్పమని చేత్తో చెప్పావట. నీ బండి ఎక్కడ ఆపాలో నీకు తెలుసురా.

నిబంధనలు వచ్చే నెల వస్తాయని నీకు రాశాను. రావు. ఫైలు ఏ గదిలో ఉందో నాకు తెలుసు. ఆ గదిలోకి పోయి, నా తమ్ముడు అరుస్తున్నాడు సార్ అన్నాను. ఆ పెద్దమనిషి లేచి నిలబడ్డాడు, కుర్చీ వేయించాడు, టీ తెప్పించాడు. టీ తాగి వచ్చాను.

ఆ సేటు వాక్యం తూచి తూచి పెట్టానని నీకు గొప్పగా రాశాను గుర్తుందా? దాని తర్వాత నాలుగు వాక్యాలకు మీ సెక్షన్. దాన్నీ అంతే శ్రద్ధగా తెలుగు చేశాను. ఎక్కడా సందు లేకుండా.

ఫ్లోరా, నిన్ను అనకూడని మాట అన్నాను. నువ్వు అడగడానికి వెళ్ళావు, అతను గడ్డపార తీసుకుని వచ్చాడు, వీడు ఆపాడు. మీ ముగ్గురిలో ఒక్కరు కొంచెం చెడ్డవాళ్ళయినా బాగుండేది.

పళ్ళెం నేనే వంచాను తమ్ముడూ. సీటనుకుని ఎక్కి కూర్చున్నాను. ఒప్పుకుంటున్నాను.

వస్తున్నాను. మీ అన్నయ్యను చూసుకోవడానికి మా పక్కింటి శారద ఒప్పుకుంది. ఆదివారం బస్సుకు.

అక్క


తునికిగూడెం,
మార్చి

వదినా,

క్షేమంగా చేరావని శారద ఫోన్ చేసి చెప్పింది. ఆదివారం బస్సు దిగి నువ్వు ఆయన పాదాలు పట్టుకునేటప్పటికి అవి చల్లబడి ఉన్నాయి. శనివారం పొద్దున్న పోయాడని నీకు చెప్పాను. ప్రశాంతంగా పోయాడని కూడా చెప్పాను. సమాధి దగ్గర అందరి ముందు నువ్వు నా చెయ్యి పట్టుకుని అదే మళ్ళీ మళ్ళీ అడుగుతుంటే, అవునంటూ వచ్చాను. రెండో కాగితం లేదని నువ్వన్నాక ఇంకా దాయడం నాకు చేతకావడం లేదు.

ప్రశాంతంగా పోలేదు. ఫిబ్రవరి అంతా అరిచాడు. గొంతు పోయాక నోరు తెరిచి ఊరుకునేవాడు, అది ఇంకా ఘోరం. మా దగ్గరున్న మామూలు మాత్రలూ సూదులూ ఎండిన చేనుకు చెంబుడు నీళ్ళయ్యాయి. నా చెయ్యి కొరికాడు. తెలిశాక ఏడ్చాడు. పలక చేతికిస్తే కింద పడేశాడు.

గురువారం నాడు కుడి చెయ్యి పక్క మీద కదిలించడం మొదలుపెట్టాడు. ఏం కావాలో అర్థం కాలేదు. నీళ్ళా అన్నాను, బైబిలా అన్నాను. కాదు. వేళ్ళు వంచి దుప్పటిని గీకుతాడు, గుట్ట వైపు చూస్తాడు. మళ్ళీ గీకుతాడు. తవ్వమంటున్నాడు వదినా.

ఆయన గడ్డపార పట్టుకుని ఆపిన మనిషి. ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాడని అర్థం కాగానే పరుగెత్తాను. చెప్పులు కూడా వేసుకోలేదు. రామన్న గుడిసెకు తడిక కట్టి ఉంది. మిర్చి ఏరడానికి గూడెం సగం తిరుమలాయపాలెం వైపు పోయిందని పక్కింటామె చెప్పింది. ఫోన్ లేదు. ఏ చేనో తెలియదు. కొడుకు తప్ప ఎవరూ ముట్టకూడదు. ఆ గడ్డపార గుడిసె చూరులో దోపి ఉంది. తీసుకున్నాను. సమాధి దాకా వెళ్ళాను కూడా. రాళ్ళు పేర్చి ఉన్నాయి, వాటి మీద ఆమె సత్తు గిన్నె మూత బోర్లించి ఉంది. రెండు రాళ్ళు తీశాను. ఆ గూడెం ఆడవాళ్ళు వచ్చి చుట్టూ నిలబడ్డారు. ఎవరూ తిట్టలేదు. వాళ్ళ పురుళ్ళు పోసినదాన్ని, తిట్టలేక నిలబడ్డారు. ఒకామె వచ్చి నేను తీసిన రాళ్ళు మెల్లగా మళ్ళీ పెట్టింది. నేను గడ్డపార అక్కడే వదిలేసి వచ్చాను.

తిరిగొచ్చాక ఖాళీ చేతులు చూశాడు. గీకడం ఆపలేదు. శనివారం పొద్దుటి దాకా గీకాడు. నువ్వు ఆయన గోళ్ళలో దుప్పటి నూలు చూసి ఇదేంటని అడిగావు. చలికి పట్టుకున్నాడని చెప్పాను.

కేసు ఖమ్మంలో ఉంది, వాయిదాకు వెళ్ళి సంతకం పెట్టి వస్తున్నాను. ఏమవుతుందన్న ఆసక్తి నాకు లేదు.

నువ్వు బస్సెక్కిన మర్నాడు రామన్న వచ్చాడు. మిర్చి ఘాటుకు కళ్ళు ఎర్రగా ఉన్నాయి, చేతులు కూడా. దారిలోనే ఎవరో చెప్పారట. ఇంట్లోకి రాకుండా ఆయన కుర్చీ పక్కన నేల మీద కూర్చున్నాడు. నేను రాళ్ళు తీసిన సంగతి తెలిసి ఉంటుంది, ఆ మాట ఎత్తలేదు. తర్వాత అన్నాడు:

"అన్నను పెట్టింది గుట్ట ఇవతలనే గద సిస్టరమ్మా. మా అవ్వ అవతల పక్క. దూరమేం గాదు. పొద్దుగాల పోయి చెప్పొచ్చిన. అన్న వస్తడే అవ్వా, నీ మూటల మాత్రలు ఆయనకు గూడ తీసియ్యి అని."

అన్నం పెట్టాను. తిని వెళ్ళాడు.

మనం నమ్మేది అది కాదని నాకు తెలుసు. పునరుత్థానం గురించి పాస్టరు గారు చెప్పింది నువ్వూ విన్నావు. అయినా పొద్దున లేస్తే నా బుర్ర అటే పోతోంది. ఆమెకు పూటకు ఒకటి, ఈయనకు పూటకు రెండు. ఆ మూటలో ఎన్ని మిగిలాయో నాకు తెలుసు, ఇచ్చింది నేనే కదా. ఇద్దరికీ ఎన్నాళ్ళు వస్తాయని లెక్క వేస్తున్నాను వదినా. ఎన్నిసార్లు వేసినా చాలడం లేదు.

నీ
ఫ్లోరెన్స్